అప్పలనరసింహం గీసిన నడక

ఆ నడక ఎవరిదో తెలిసే గీశాడా, లేక చెయ్యి గీసుకుపోయిన తర్వాత తెలుసుకున్నాడా?

యాభై ఏళ్ళు దాటినా ఈ ప్రశ్న నా దగ్గరే ఉండిపోయింది. అడగవలసిన మనిషి దూరాన ఉండి కాదు. మా పాతపట్నంలోనే డ్రాయింగు మాస్టారుగా చేసి, అక్కడే రిటైరయ్యాడు. సాయంత్రాలు గ్రంథాలయంలో ఒకే బల్లకు అటొకరం ఇటొకరం కూర్చునేవాళ్ళం. నేను పుస్తకం మూసి గొంతు సవరించుకుంటే చాలు, ఏదో పని గుర్తొచ్చినట్టు పేపరు మడిచి లేచిపోయేవాడు. మొన్న కార్తీకంలో కాలం చేశాడు. అతని దగ్గర చదువుకున్నవాళ్ళు చాలామంది వచ్చారు. మాస్టారు కుండ గీస్తే అందులో నీళ్ళు పోసుకోవచ్చనిపించేదని ఒకరన్నారు. మనిషి బొమ్మ మాత్రం ఒక్కనాడూ నేర్పలేదని ఇంకొకరన్నారు. అడిగితే, "కుర్చీ గీయండర్రా, కుర్చీ ఎక్కడికీ కదలదు" అనేవాడట.

నేనెరిగిన అప్పలనరసింహం మనిషిని కాగితం మీద నడిపించినవాడు. ఆ బొమ్మల సినిమా ఏ హాల్లోనూ ఆడలేదు. దాన్ని చూసినవాళ్ళలో ఇప్పుడెందరు మిగిలారో తెలియదు. అందుకే రాస్తున్నాను.

అది అరవై ఎనిమిదో సంవత్సరం. శ్రీకాకుళంలో నాగావళి ఒడ్డుకు దగ్గరలో ఒక పెంకుటింటి వెనక గదిలో ముగ్గురం అద్దెకుండి బి.ఏ. చదువుతున్నాం. నేను పుస్తకాల పురుగుని. సోములుది బొబ్బిలి దగ్గర పల్లె, రైతుల బిడ్డ, నోరున్నవాడు. అప్పలనరసింహానిది కోటబొమ్మాళి. పాఠం జరుగుతుంటే నోటుబుక్కు మూలల్లో బొమ్మలు వేసి, పేజీలు గబగబా వదిలి వాటిని కదిలించేవాడు. పిచ్చుక ఎగిరేది, లెక్చరరుగారి పిలక ఊగేది.

అతని తండ్రి చంద్రశేఖరం దాసుగారు. హరికథలు చెప్పేవారు. కళింగపట్నం నుంచి పర్లాకిమిడి దాకా ఆయన పేరు తెలియని ఊరు లేదు. నా చిన్నతనంలో మా ఊరు వచ్చారు కూడా. నేను అమ్మ ఒళ్ళో నిద్రపోయాను గనక ఆ గొంతు తప్ప నాకేమీ గుర్తులేదు. మైకు అక్కర్లేని గొంతు. తర్వాత ఆయన ఎడమ కాలికి బోదకాలు వచ్చింది. మా జిల్లాలో అదేమీ వింత కాదు, ప్రతి వీధిలో ఒకరిద్దరు ఉండేవారు. కానీ దాసుగారి సంగతి వేరు. వేదిక మీద నిలబడ్డ మనిషి పాదాలు కింద కూర్చున్నవాళ్ళ కళ్ళకు సరిగ్గా ఎదురుగా ఉంటాయి. గజ్జె చీలమండకు పట్టడం మానేసిన రోజున ఆయన హరికథ మానేశారు. ఊరికి మాత్రం గొంతు పోయిందని చెప్పారు. చెప్పిన మాట నిలబెట్టుకోవడానికి గుమ్మం దాటితే గుసగుసగా, జీరగా మాట్లాడేవారు.

ఈ వివరమంతా నాకు తర్వాత తెలిసింది. ముందు తెలిసింది కొడుకు సిగ్గు.

నెలకోసారి దాసుగారు బియ్యం, ఆవకాయ పట్టుకుని శ్రీకాకుళం వచ్చేవారు. మా గదికి రానిచ్చేవాడు కాదు. "మీరు బస్టాండులోనే ఉండండి నాన్నగారూ, నేనే వస్తాను" అని ముందే చెప్పి ఉంచాడు. ఒకసారి మూట బరువుగా ఉంటుందని నన్ను తోడు తీసుకెళ్ళాడు. దాసుగారు సిమెంటు బెంచీ మీద కూర్చుని ఉన్నారు. పంచె నేలను తాకుతోంది. ఎడమ పాదం కనిపించకుండా దాని ముందు గుడ్డసంచీ నిలబెట్టుకున్నారు.

"బాగా చదువుతున్నారా నాయనా?" అని నన్ను గుసగుసగా అడిగారు.

అప్పలనరసింహం మాట్లాడుతున్నంతసేపూ అటూ ఇటూ చూస్తూనే ఉన్నాడు, కాలేజీవాళ్ళెవరైనా వస్తున్నారేమోనని. మేం లేచినా ఆయన లేవలేదు.

"మీరు వెళ్ళండి. నా బస్సుకింకా టైముంది," అన్నారు.

మలుపు దగ్గర నేను తల తిప్పబోతే అప్పలనరసింహం నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"వెనక్కి చూడకురా జగన్నాధం."

చూడలేదు. అందువల్ల దాసుగారు ఎలా నడుస్తారో నాకు తెలియకుండా పోయింది.

ఆ చలికాలంలోనే కాలేజీకి నారాయణమూర్తిగారని ఆరోగ్యశాఖ ప్రచార ఆఫీసరు ఒకరు వచ్చారు. గుంటూరువైపు మనిషి, జిల్లాకు కొత్త. బోదకాలు తెచ్చే పురుగు పగలంతా ఒంట్లో ఎక్కడో దాక్కుని చీకటి పడ్డాకే నెత్తుట్లోకి వస్తుందట. అందుకని పరీక్ష చేసేవాళ్ళు రాత్రిపూట ఇంటింటికీ వచ్చి వేలి నుంచి చుక్క రక్తం తీసుకోవాలి. జనం తలుపులు తియ్యడం లేదు. రాత్రిళ్ళు తిరిగి నెత్తురు అమ్ముకునేవాళ్ళని పుకారు. సినిమాకు ముందు వేసే ఒక్క నిమిషం బొమ్మల సినిమా ఉంటే ఈ భయం పోతుందని ఆయన ఆలోచన. విద్యార్థులు కథ కట్టి, బొమ్మలతో చూపించాలి. నచ్చితే మద్రాసులో తీయిస్తారు. బొమ్మలు వేసినవాణ్ణి కూడా అక్కడికే పంపి, ఆ పనిలో పెట్టిస్తారు.

మద్రాసు అనగానే అప్పలనరసింహం చేతిలో పెన్సిలు ఆగిపోవడం నేను చూశాను. ఆ కుర్రవాడికి ఈ లోకంలో కావలసింది అదొక్కటే, కదిలే బొమ్మలు వేసేచోట ఒక కుర్చీ.

ఆ సాయంత్రమే గదిలో ఆలోచన మొదలైంది.

"బోదకాలని ఏడుపు బొమ్మ తీస్తే ఎవుడు సూస్తాడ్రా?" అన్నాడు సోములు. "జనం బయటికి పోయి బీడీ కాల్చుకుంటారు. నవ్వించాల."

"ఎలా?"

"ఒక వస్తాదున్నాడు. పేరు పోతురాజు. ఇంతింత మీసాలు. పులికి బెదరడు. సూది కనిపించిందా, అటకెక్కి కూకుంటాడు."

నేను మాటలు రాశాను. అటక మీద దాక్కున్న పోతురాజు చెవి దగ్గరకు దోమ వచ్చి, "బావా, ఇక్కడున్నావేటి? ఊరంతా ఎతుకుతన్నాను" అంటుంది. తర్వాత పోతురాజు కాలు ఉబ్బుతుంది. గద పట్టుకున్న వస్తాదు ఆ కాలీడ్చుకుంటూ ఊరి వీధిలో నడుస్తాడు, దోమలు వెనకాల మేళం పెట్టుకుని ఊరేగుతాయి. చివర పోతురాజే లాంతరు పట్టుకుని ఇంటింటికీ తిరిగి, వేలు ఇమ్మని అందర్నీ లేపుతాడు.

కెమెరా లేని మేము దీన్ని చూపించేదెలా? జాతర్లలో బయస్కోపు పెట్టె తిప్పేవాళ్ళుంటారు కదా, ఒక కన్ను పెట్టి చూసేది. అలాంటిది వడ్రంగి చేత చేయించాం. లోపల ఇరుసు, దాని చుట్టూ వరసగా అట్టలు, పక్కన తిప్పడానికి చేతిపిడి. తిప్పుతుంటే అట్టలు ఒకదాని తర్వాత ఒకటి కంటి ముందు పడతాయి. అట్టలకు ఒక ప్రెస్సువాడు మిగిలిపోయిన శుభలేఖలు ఇచ్చాడు. ముందువైపు పోతురాజు, వెనకవైపు ఎవరెవరివో పెళ్ళిళ్ళు. కథంతా ఒక ఇరుసు మీద పట్టక మూడు చుట్లు చేశాం. మొదటి చుట్టు సూది, రెండోది నడక, మూడోది లాంతరు.

మొదటిదీ మూడోదీ చులాగ్గా వచ్చేశాయి. రెండోదే రాలేదు.

"కుంటుతున్నాడు గానీ మోయడం లేదురా," అన్నాడు అప్పలనరసింహం, తన బొమ్మల్నే తిప్పి చూసుకుని. "కాలు బరువని మనకి తెలుస్తోంది, వాడికి తెలియడం లేదు."

నా కాలికి తడి ఇసక సంచీ కట్టారు. గదిలో అటూ ఇటూ నడిచాను. అతను గీశాడు, చించాడు. సోములు మీసాలు మెలేసుకుంటూ నడిచాడు. ఇల్లుగల లక్ష్మణమ్మగారు పెరట్లోంచి కేకేసింది.

"ఏటర్రా ఆ దబదబ? నా గోడ కూల్చీడానికొచ్చినారేటి? సదువా ఇది, దంపుడా?"

"నాటకం పిన్నీ!" అన్నాడు సోములు.

"నాటకవైతే మీ యింటికాడ ఆడుకోండి. సున్నం రాల్తంది!"

ఆ వారాంతం అప్పలనరసింహం ఇంటికి వెళ్ళాడు. వచ్చేసరికి రెండో చుట్టు తయారుగా ఉంది. ఇరుసుకు ఎక్కించి పిడి తిప్పాడు. నేను కన్ను పెట్టాను.

పోతురాజు కుడి పాదంతో నేలను రెండుసార్లు తట్టాడు. ఆగాడు. ఎడమ కాలిని బయటినుంచి చుట్టి, చాపను లాగినట్టు ముందుకు లాక్కున్నాడు. మళ్ళీ రెండు తట్లు, ఒక ఈడ్పు. అన్నిటికంటే వింత అతని ఎడమ చెయ్యి. గద లేని ఆ చేతివేళ్ళు, లేనిదేదో పట్టుకున్నట్టు వంగి, అడుగడుక్కీ కొంచెం ఆడుతున్నాయి. అది చూసి నేను గట్టిగా నవ్వాను. నవ్వుతూనే, ఈ మనిషి బతికున్నాడనుకున్నాను. ఆ వేళ్ళు చిడతలు పట్టినవని నాకు తట్టలేదు.

"ఎప్పుడు గీశావురా ఇది?"

"రైల్లో."

కోటబొమ్మాళి నుంచి మేం దిగే ఆమదాలవలస దాకా పాసింజరు ఎంత ఊగుతుందో నాకు తెలుసు. ఆ గీతల్లో ఒక్కటీ వణకలేదు. అప్పుడా సంగతి గమనించాను గానీ అడగాలనిపించలేదు.

పెట్టె పట్టుకుని నారాయణమూర్తిగారి ఆఫీసుకు వెళ్ళాం. అప్పలనరసింహం తిప్పాడు, సోములు గొంతులు మార్చి మాటలు చెప్పాడు. దోమ బావా అనగానే ఆఫీసరుగారు మీసం చాటున నవ్వారు. రెండో చుట్టుకు బల్ల మీద చెయ్యి కొట్టి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఏమయ్యా, ఈ నడక ఎక్కడ పట్టావు?"

"ఊరికే... ఊహించానండి."

"ఏది మార్చినా ఈ నడక జోలికి మాత్రం వెళ్ళకు. దీనికి ప్రాణం ఇదే. మద్రాసుకు నేను రాస్తాను. నువ్వు వెళ్ళడం ఖాయమనుకో. అయితే ముందు జనానికి అర్థమవుతుందో లేదో చూడాలి. మీలో ఎవరి ఊరు సంత ఊరు?"

సోములు ఉత్సాహంగా అప్పలనరసింహాన్ని చూపించాడు. "వీళ్ళది కోటబొమ్మాళండి. సంతంటే అదే సంతండి!"

అప్పలనరసింహం ముఖంలో నెత్తురు లేదు. "మా ఊరొద్దు సార్. టెక్కలి పెద్దది. జనం ఎక్కువొస్తారు."

"నీ ఊరైతే నీ మాట వింటారు కదయ్యా," అన్నారాయన. అంతటితో ఆ సంగతి తేలిపోయింది.

బయటికి రాగానే సోములు అతని భుజం మీద చరిచాడు. "ఏటిరా, పెళ్ళికొడుకులా ఆ సిగ్గేటి?"

అతను నవ్వలేదు. ఆ వారమంతా కొత్త అట్టల మీద ఇంకో నడక గీశాడు. రెండు తట్లు లేవు, ఆ చెయ్యి లేదు. మామూలు కుంటి నడక. బయలుదేరే ముందు ఆఫీసరుగారు అది చూసి పెదవి విరిచారు.

"ఇదేమిటి, చచ్చిపోయాడు? పాతది పెట్టు."

"పాతది బాగోలేదండి."

"నీకు మద్రాసు వెళ్ళాలని ఉందా లేదా?"

 కావాలంటే పాతది పాడైపోయిందని చెప్పొచ్చు. చింపెయ్యొచ్చు. అతను గుడ్డలో చుట్టిన పాత చుట్టును సంచీలోంచి తీసి, తనే ఇరుసుకు ఎక్కించాడు. జీపులో కోటబొమ్మాళి దాకా పెట్టెను ఒళ్ళో పెట్టుకుని, కన్ను పెట్టి చూసే రంధ్రాన్ని అరచేత్తో మూసుకుని కూర్చున్నాడు.

సంత మంచి రద్దీలో ఉంది. ఎండుచేపలు, చింతపండు, కొత్త కుండల వాసన. రేకుల షెడ్డు కింద బల్ల వేసి పెట్టె పెట్టాం. సోములు జాతరవాడిలా అరిచాడు.

"రండ్రండి! పులిని పట్టిన పోతురాజు దోమకి దొరికిపోనాడు! ఒక కన్నెట్టండి, రొండో కన్ను మీ సంచీ మీదుంచండి!"

ముందుగా మేకల బేరం చేసే జోగయ్య వచ్చాడు. మొదటి చుట్టుకు పొట్ట పట్టుకుని నవ్వాడు. రెండో చుట్టు మొదలయ్యాక కూడా నవ్వాడు. అంతలో నవ్వు తెగిపోయింది.

"మళ్ళీ తిప్పు బాబూ," అన్నాడు.

మళ్ళీ చూశాడు. తల ఎత్తి పక్కన కూరలమ్ముకునే మనిషిని పిలిచాడు. "ఒలే బుల్లమ్మా, ఇలా రాయే. ఇది సూసి ఎవులో సెప్పు."

"నా కూరలు ఆవు తినీసిందంటే నీ మేకనిస్తావేటి?" అంటూనే వచ్చి కన్ను పెట్టింది. పెట్టిన క్షణానికి చెంగు నోటికి అడ్డుపెట్టుకుంది. "ఓలమ్మో! దాసుగోరు!"

"ఏదీ, ఏదీ?" అని జనం మీదపడ్డారు.

"రొండు తట్టి ఒకటీడుస్తారు గదా. రోజూ మా గుమ్మం ముందు నుంచే ఎల్తారు. కళ్ళు మూసుకున్నా సెప్పీగల్ను."

"దాసుగోరికి పోనాది గొంతు గదేటే?" అన్నాడు ఒకడు వెనక నుంచి.

జోగయ్య వాడివైపు తిరిగాడు. "నోరుముయ్యరా గుంటడా. గొంతే. ఆయన గొంతన్నారు, మనం గొంతే అన్నాం. అయిపోనాది."

అప్పుడర్థమైంది నాకు. కోటబొమ్మాళిలో ఆ కాలి సంగతి తెలియనివాళ్ళు లేరు. ఇన్నేళ్ళూ వీధిలో ఎదురైనవాళ్ళందరూ కళ్ళు కిందికి దించకుండా, గొంతు గురించే అడిగి, ఆయన్ని ఆయన మాట మీద నిలబడనిచ్చారు. మా పెట్టె ఆ మర్యాదను సంత నడుమ బద్దలు కొట్టింది.

కానీ చూడనివాళ్ళు ఇంకా వరసలో ఉన్నారు, చూసిన కుర్రాళ్ళు ఊరుకోలేకపోయారు. ఒకడు పంచె దించి, నేలను రెండుసార్లు తట్టి, కాలు ఈడ్చి చూపించాడు. నవ్వులు. ఇంకొకడు చెయ్యి కూడా కలిపాడు. అప్పలనరసింహం తల దించుకుని పిడి తిప్పుతూనే ఉన్నాడు. మనిషి తర్వాత మనిషి కన్ను పెడుతున్నారు, చూసినవాళ్ళు పెట్టె మీంచి అతని ముఖంలోకి చూసి పక్కకు తప్పుకుంటున్నారు. అతని చెవులు ఎర్రగా కాలిపోతున్నట్టున్నాయి.

ఆ నవ్వుల మధ్యలో షెడ్డు చివర నుంచి ఒక చప్పుడు వినిపించింది. తట్, తట్. తర్వాత ఈడుపు.

దాసుగారు వస్తున్నారు. కొడుకేదో తయారుచేసి ఆఫీసరుతో సహా ఊళ్ళోకొచ్చాడని ఎవరో చెప్పి ఉంటారు. హరికథ రోజుల పట్టు ఉత్తరీయం తీసి వేసుకున్నారు. జనం చీలి దారిచ్చారు. ఆయన నడకను నేను చూడడం అదే మొదలు, కానీ అప్పటికే ఎన్నోసార్లు చూసి ఉన్నాను. వెక్కిరిస్తున్న కుర్రాడు ఎత్తిన కాలు దించలేక ఒంటికాలి మీద అలాగే ఉండిపోయాడు.

"దారివ్వండి నాయనా," అన్నారు గుసగుసగా. "మావాడేదో చేశాడట. నన్నూ చూడనీండి."

వంగి కన్ను పెట్టారు. అప్పలనరసింహం చెయ్యి పిడి మీద ఉంది గానీ కదలలేదు.

"తిప్పవేరా?"

తిప్పాడు. సోములు మాటలు చెప్పడం మానేశాడు. మొదటి చుట్టుకు దాసుగారి భుజాలు నవ్వుతో కదిలాయి. అది అయిపోగానే సోములు చప్పున మూడో చుట్టు అందుకున్నాడు. ఏమీ ఎరగని ఆఫీసరుగారు అడ్డం వచ్చారు.

"రెండోది వదిలేస్తారేమిటయ్యా? అసలైంది అదే కదా."

రెండో చుట్టే పెట్టారు. ఇరుసు కిర్రుమంటూ తిరిగింది. దాసుగారు చివరిదాకా చూశారు. తల ఎత్తకుండానే "మళ్ళీ" అన్నారు. మళ్ళీ చూశారు. వంగినవారు వంగినట్టే ఉన్నారు, కుడి పాదం మాత్రం నేల మీద మెల్లగా తడుతోంది. ఆ తర్వాత నిటారుగా నిలబడి అన్నారు.

"రెండో దెబ్బ ఆలస్యమైందిరా అబ్బాయీ. తాళం తప్పింది."

ఆ గొంతు! రేకులు అదిరాయి. కుండల వరస అవతల బేరాలాడుతున్నవాళ్ళు తిరిగి చూశారు. నా చిన్ననాడు నిద్రలో విన్నది అదే గొంతు. ఎక్కడా జీర లేదు, పగులు లేదు. తాళం తప్పిందన్న బాధలో ఆయన గుసగుస మరిచిపోయారు.

మరుక్షణం గుర్తొచ్చింది. చెయ్యి గొంతు మీదికి పోయింది. దగ్గారు. ఒకసారి, ఇంకోసారి.  

జోగయ్య తలగుడ్డ తీసి ఒక అడుగు ముందుకు వచ్చాడు.

"గొంతెలాగున్నాది బాబూ?"

దాసుగారు గొంతు మీంచి చెయ్యి తీశారు.

"అలాగే ఉంది నాయనా," అన్నారు గుసగుసగా. "చలిగాలి పడడం లేదు."

"మిరియాల పాలు తాగండి బాబూ," అంది బుల్లమ్మ.

"తాగుతున్నానమ్మా."

ఆయన ఇంటిదారి పట్టారు. తట్, తట్, ఈడుపు. షెడ్డులో ఉన్నవాళ్ళంతా కూరల వైపో, రేకుల వైపో చూస్తూ ఉండిపోయారు. ఆయన కాళ్ళవైపు ఒక్కరూ చూడలేదు. కొడుకు కూడా.

ఆ పూట చాలామంది పరీక్షకు పేర్లిచ్చారు. జోగయ్య మొదటివాడు. నారాయణమూర్తిగారు పొంగిపోయారు. అప్పలనరసింహం భుజం మీద చెయ్యి వేసి, "తెలిసిన మనిషినే పట్టావన్నమాట. మంచి పని చేశావు. వారంలో మద్రాసు ప్రయాణానికి సిద్ధంగా ఉండు" అన్నారు. ఆ చెయ్యి పడగానే అతను ఒక్కసారి ముడుచుకుపోయాడు. ఆఫీసరుగారూ సోములూ జీపెక్కి వెళ్ళిపోయారు. అప్పలనరసింహం తల్లి లక్ష్మీకామేశ్వరిగారు కబురు పెట్టడంతో నేనూ అప్పలనరసింహమూ పెట్టె మోసుకుని వాళ్ళింటికి భోజనానికి వెళ్ళాం.

పెట్టె వీధరుగు మీద పెట్టాం. వెనక వసారాలో ఆకులు వేశారు. దాసుగారు లోపలి గదిలో ఉన్నారు. సంతలో జరిగింది ఆ ఇల్లాలికి అప్పటికే తెలిసిపోయినట్టుంది. కొడుక్కి వినపడేలాగే, నాకు చెబుతున్నట్టుగా చెప్పింది.

"ఇంట్లో రోజూ పాడతారు బాబూ, తలుపులేసుకుని. గొంతుకేం, నిక్షేపంలాగుంది. గజ్జెలు మాత్రం అటక మీద పెట్టించేశారు." పప్పు వడ్డించింది. "వీడిచేత తీయించారు. వీడే పెట్టాడు."

అప్పలనరసింహం అన్నం కలుపుతున్నాడు. కలిపిందే కలుపుతున్నాడు.

దాసుగారు వచ్చి గడపలో నిలబడ్డారు. గుసగుస లేదు, ఇంటి గొంతుతోనే అడిగారు.

"మద్రాసు ఎప్పుడట?"

"తెలీదు నాన్నగారూ."

"వెళ్ళేలోగా ఆ దెబ్బ సరిచెయ్యి. తప్పు తాళంతో ఊరూరా నన్ను..." ఆగారు. "వాణ్ణి నడిపించకు."



ఆయన పెరట్లోకి దిగారు. నూతి పళ్ళెం దగ్గర నిలబడి, పంచెను రెండు చేతులతో మోకాలి దాకా పైకి పట్టుకున్నారు. ఏళ్ళ తరబడి సంచీ చాటున, పంచె చాటున, గొంతు చాటున దాచిన కాలు. నున్నగా, బండలా, మడతలు పడి ఉంది. పట్టపగలు, పరాయి కుర్రాణ్ణయిన నా ఎదుటే.

"చూడు," అన్నారు. "మొదటి దెబ్బకి మడమ. రెండోదానికి వేళ్ళు. రెండూ ఆనుకుని ఉండాలి. అప్పుడు గానీ ఈ కాలు లేవదు. తక తక... ధీం."

అవతల పశువుల శాల వైపు నడక మొదలుపెట్టారు. నిదానంగా, బడిలో పిల్లాడికి దిద్దబెట్టినట్టుగా, ఒక్కొక్క అడుగూ పలికి మరీ వేస్తున్నారు. తక తక, ధీం. తక తక, ధీం.

"చూడరా," అంది తల్లి మెల్లగా. "నీకోసమే చూపిస్తున్నారు."

అప్పలనరసింహం కళ్ళెత్తలేదు.  కుడిచేతిలో పట్టుకున్న ముద్ద ఆకులోకి జారింది. తండ్రి దాచుకున్నన్నాళ్ళూ కొడుకూ దాచగలిగాడు. తండ్రే పంచె ఎత్తి చూపిస్తుంటే ఇక ఎక్కడ దాక్కోవాలో అతనికి తెలియలేదు. అలా అని నేననుకుంటున్నాను. అతను ఏమనుకున్నాడో నాకు తెలియదు.

"చెయ్యి కడుక్కొస్తాను," అని లేచాడు.

నీళ్ళ చప్పుడు వినిపించింది. కాసేపటికి చప్పుడు ఆగింది. నేనూ లేచి వెళ్ళాను. చెంబు గట్టు మీద ఉంది, పక్క దడి తలుపు తీసి ఉంది. చేల గట్టు మీద అప్పలనరసింహం స్టేషను వైపు వెళ్ళిపోతున్నాడు. భుజాన సంచీ లేదు, కాళ్ళకు చెప్పులు కూడా లేవు.

పశువుల శాల దాకా వెళ్ళిన దాసుగారు ఇటు తిరిగారు. పంచె ఇంకా మోకాలి పైకే పట్టుకుని ఉన్నారు. వసారాలో ఖాళీగా ఉన్న ఆకును చూసి, తర్వాత నావైపు చూశారు.

"చూశాడా నాయనా?"

"చూశాడండి," అన్నాను.

ఆయన తల ఊపి, పంచె దించుకున్నారు. దడి మీంచి చూస్తే, అతను తుమ్మల వరస దగ్గరికి చేరాడు. పిలిస్తే వినిపించే దూరమే. వెనక్కి తిరిగి చూడకుండానే ఆ వరస దాటిపోయాడు.